ఎడమ షాకప్ కింది బోల్టు

స్ప్రింగు మీద పానా పెట్టేముందు కళావతి షాపులో ఉన్నవాళ్లను బయటికి పొమ్మంది.

"నొక్కేటప్పుడు ఎవ్వరు ఎదురుంగ నిలవడొద్దు. జర అవతలికి పోండ్రి."

స్కూటరు కోసం వచ్చినాయన టీ కొట్టు వైపు నడిచాడు. బండి యజమాని శ్రుతి గుమ్మం దాటి, తలుపు చాటు నుంచి చూస్తూ నిలబడింది. శ్రీశైలం మాత్రం గోడ పక్కన స్టూలు మీంచి కదల్లేదు.

"నువ్వు గూడ పో," అంది కళావతి.

"నేనేడికి పోత. ఇది నా షాపు."

అతను పోడని ఆమెకు ముందే తెలుసు. మూడేళ్ల కిందట అతని కుడి మణికట్టును విరగ్గొట్టింది ఇలాంటి స్ప్రింగే.

వనపర్తిలో కొత్తకోట రోడ్డు మీద వాళ్లది రేకుల షెడ్డు. శ్రీశైలంది అమరచింత. పుట్టింది మగ్గాల ఇంట్లోనే అయినా, గుంట మగ్గంలో కాళ్లు వేలాడేసుకుని కూర్చుంటే అతనికి ఊపిరాడేది కాదు. పదో తరగతి తప్పగానే లారీల కింద దూరి బరువు మోసే కమాన్ పట్టీలు విప్పడం, కట్టడం నేర్చుకున్నాడు. పెళ్లయ్యాక సొంత షాపు పెట్టాడు. జీపుకైనా ట్రాక్టరుకైనా కుదుపు ఎక్కువైందంటే శ్రీశైలం దగ్గరికి తోలుకుపొమ్మనేవారు జనం. అలాంటివాడు ఒక మధ్యాహ్నం వ్యాను స్ప్రింగు నొక్కుతుంటే, రెండు కొక్కేల్లో ఒకటి జారింది. స్ప్రింగు ఎగిరి పైకప్పు రేకును చీల్చింది. దారిలో అతని చెయ్యి ఉంది. కర్నూలులో ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. ఎముక అతుక్కుంది కానీ పట్టు రాలేదు. పిడికిలి సగం దాకా ముడుచుకుని ఆగిపోతుంది.

కళావతి పుట్టిల్లు గద్వాల. ఆమెకు పట్టు కొంగు నేయడం వచ్చు, అంచు కలపడం వచ్చు. నట్టుకూ బోల్టుకూ తేడా పెళ్లయ్యాకే తెలిసింది. ప్రమాదం తర్వాత పుట్టింటివాళ్లు వచ్చి, "గద్వాలకే రాండ్రి, మగ్గముంది, బతుకచ్చు," అన్నారు. శ్రీశైలం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అలా ఎన్నో రోజులు పడుకునే ఉన్నాడు. పిలిచినా పలికేవాడు కాదు. రాత్రి మెలకువ వస్తే ఆమె మొదట అతని ఊపిరి వినబడుతుందా అని చూసుకునేది. చివరికి ఒకనాడు తానే షాపు తాళం తీసి, అతన్ని లేపి తీసుకొచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. "నువ్వు చెప్పు. నేను చేస్త," అంది.

అట్లా మొదలైంది. మొదట్లో వచ్చినవాళ్లు ఆడమనిషి చేతిలో పానా చూసి బండి వెనక్కి తిప్పుకుని పోయేవారు. తర్వాత తర్వాత ఆగడం మొదలుపెట్టారు. అయితే ఈ మూడేళ్లలో కళావతి స్ప్రింగు నొక్కే పని ఒక్కటి కూడా ఒప్పుకోలేదు. కమాన్ పట్టీలు మార్చింది, ఇరుసులు విప్పింది, బుష్‌లు కొట్టింది. చుట్ల స్ప్రింగు అనగానే వేరే షాపు పేరు చెప్పి పంపేసేది.

శ్రుతిని అలా పంపలేకపోయింది. కోడేరులో మెట్ట రైతు వెంకటన్న కూతురు శ్రుతి. సోమశిల దగ్గర నది ఒడ్డున టూరిస్టులను క్వాడ్ బండ్ల మీద తిప్పే చోట పనిచేస్తుంది. నాలుగు లావు చక్రాలు, మోటారు సైకిలు హ్యాండిలు, ఒక్కరు కూర్చునే సీటు. రాళ్లలోనైనా ఇసుకలోనైనా పోయే బండి అది. టూరిస్టులను మెల్లగా తిప్పే బండ్లతో విసుగొచ్చి, పందేలకు వాడే క్వాడ్ ఒకటి బెంగళూరులో పాతది కొనుక్కుంది. దాంతోపాటు ఎవరో పందెగాడు తన బండికి వేసుకున్న, స్ప్రింగులు చుట్టిన ఖరీదైన షాకప్‌లు కూడా వచ్చాయి. కోడేరు బీళ్లలో జరగబోయే పందెంలో దిగాలని ఆమె పట్టుదల. పెద్ద ఊళ్ల మెకానిక్కులు నెల తర్వాత రమ్మన్నారు. పందెం అంతకుముందే ఉంది.

చిక్కు ఏమిటంటే, ఆ షాకప్‌లు భారీ మనిషికి సరిపోయేలా కట్టినవి. శ్రుతి సన్నటి పిల్ల. ఆమె ఎక్కి కూర్చుంటే బండి ఇసుమంత కూడా దిగలేదు. మనిషి బరువుకు బండి కొంత దిగి ఉంటేనే, గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి సాగి నేలను పట్టుకుంటుంది. లేకపోతే చక్రం గాల్లో తేలిపోతుంది. స్ప్రింగులు మార్చక తప్పదు.

ముందరివి రెండూ సులువుగానే వచ్చాయి. పైనున్న రింగు వదులు చేయగానే స్ప్రింగు సడలి చేతిలోకి వచ్చింది. వెనకది అలా కాదు. రింగు చివరిదాకా విప్పినా స్ప్రింగు బిగుసుకునే ఉంది. కొక్కేలు వేసి నొక్కాల్సిందే.

కళావతి రెండు పక్కలా మరలున్న కొక్కేలు తగిలించింది. కుడి మర కొంచెం, ఎడమ మర కొంచెం, మళ్లీ కుడి మర. చుట్లు దగ్గరవుతున్నాయి. పానా తిప్పిన ప్రతిసారీ ఇనుము సన్నగా మూలిగింది. ఆమె చెంపల మీంచి చెమట కారి గడ్డం దగ్గర ఆగింది, తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు.

కిర్రుమంది.

ఎడమ కొక్కెం చుట్టు మీద జరిగింది. కొంచెమే. అక్కడ ఆగింది.

"కదలకు," అన్నాడు శ్రీశైలం.

ఆమె కదల్లేదు. పానా మీద చెయ్యి అలాగే ఉంది. తీస్తే కొక్కెం ఇంకా జారుతుందేమోనని భయం, ఉంచితే తన మొహం దాని దారిలోనే ఉందని భయం.

"ఎడమది ముట్టకు. తల పక్కకు తియ్యి. చెయ్యి గట్లనే ఉంచు."

"నువ్వు దగ్గరికి రాకు."

అతను వినలేదు. మూలనున్న గొలుసు ఎడమ చేత్తో తీశాడు. బండ్లు లాగే లావు గొలుసు అది. పక్క నుంచి వంగి స్ప్రింగు చుట్టూ ఒక చుట్టు వేశాడు, రెండో చుట్టు వేశాడు, కొండీ తగిలించాడు. కుడి చెయ్యి ఛాతీకి ఆనించుకుని పెట్టుకున్నాడు.

"ఇగ కుడిది వదులు చెయ్యి. పావు చుట్టు. ఇంకొంచెం... ఆగు. ఇప్పుడు ఎడమది."

చుట్లు మెల్లగా విచ్చుకున్నాయి. కొక్కేలు తీసి మళ్లీ సరిగ్గా తగిలించి, గొలుసుతోనే ఆ పని పూర్తిచేశారు. పాత స్ప్రింగు బయటికి వచ్చి, కొత్తది కూర్చున్నాక శ్రుతి లోపలికి వచ్చి నేల మీదే కూలబడింది. "అక్కా, దీని ముంగట పందెం ఎంత," అంది. శ్రీశైలం నవ్వాడు. షాపులో అతను నవ్వి చాలా కాలమైంది.

బహుశా ఆ నవ్వు వల్లే తర్వాత అలా జరిగింది.

షాకప్‌లు బండికి ఎక్కించారు. పై బోల్టులు చట్రానికి, కింది బోల్టులు చక్రాన్ని మోసే చేతులకు. కళావతికి ఒక అలవాటుంది. ఒకసారి బిగించిన ప్రతి నట్టు మీదా చివర్లో మళ్లీ పానా వేసి చూస్తుంది. కదిలితే బిగిస్తుంది, కదలకపోతే వేలితో ఒకసారి తట్టి పక్కదానికి పోతుంది. అన్నీ అయ్యాయి, ముందు ఎడమ షాకప్ కింది బోల్టు ఒక్కటి మిగిలింది.

"గది నేను బిగిస్త," అన్నాడు శ్రీశైలం.

చెయ్యి విరిగాక అతను పానా అడగడం అదే మొదటిసారి. కళావతి ఇచ్చింది. అతను నేల మీద కూర్చుని, ఎడమ చేత్తో బోల్టు తలను ఆపి, కుడి చేతిని నట్టు మీది పానాకు చుట్టి లాగాడు. మెడ నరాలు తేలాయి. పళ్లు బిగించి ఇంకోసారి లాగాడు. తర్వాత పానా తీసి కింద పెట్టాడు.

"అయింది. గట్టిగ గూసుంది."

కళావతి చెయ్యి అలవాటుగా పానా వైపు పోయింది. అతను ఆమె చేతి వైపు చూశాడు. ఆమె పానాను తుడిచి పెట్టెలో వేసింది.

మర్నాడు పొద్దున కోడేరు దగ్గర వెంకటన్న బీడులో బండిని పరీక్షించారు. ఒక పక్క రాళ్ల గుట్ట, దాని వెనక నుంచి దిగే బాట, కింద ఎండిన వాగు, వాగును ఆనుకుని వేరుశనగ పీకేసి దున్నిన చెలక. వెంకటన్న గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. బిడ్డ ఈ బండెక్కడం అతనికి ఇష్టం లేదు. ఇష్టం లేదని చెప్పడం కూడా మానేసి, ఇప్పుడు వచ్చి చూస్తూ కూర్చోవడం మొదలుపెట్టాడు.

మొదటి చుట్టులో ప్రతి గడ్డ దగ్గరా బండి వెనక భాగం తన్నినట్టు ఎగిరింది. స్ప్రింగు నొక్కుకున్నాక మరీ తొందరగా విచ్చుకుంటోందన్నమాట. షాకప్ అడుగున చిన్న మర ఉంటుంది. తిప్పితే టిక్కుమంటూ ఒక్కో మెట్టు బిగుస్తుంది. కళావతి కొన్ని మెట్లు బిగించింది. ఈసారి వెనక భాగం తన్నలేదు కానీ, వరస గుంతల్లో లేవడానికి సమయం చాలక కిందికి కూరుకుపోయింది. ఒక మెట్టు వెనక్కి తీసింది. శ్రుతి మళ్లీ పోయి వచ్చి హెల్మెట్ అద్దం పైకెత్తింది.

"అక్కా! నేల మీద పాకినట్టు పోతుంది. గుట్ట వెనక బాటల జోరుగ తోలి చూస్త."

"జర పైలం."

బండి దుమ్ము లేపుకుంటూ పోయింది. ఇంజను చప్పుడు గుట్ట వెనక్కి మళ్లేముందు, దాని అడుగున ఇంకో చప్పుడు కళావతి చెవిన పడింది.

టక్.

రాయి తగిలిందనుకుంది. ఇంకో గడ్డ మీదికి ఎక్కగానే మళ్లీ టక్. తర్వాత ప్రతి గడ్డకూ. రాయి చప్పుడు ఒకలా ఉండదు. ఇది ఒకేలా ఉంది. ఇనుము ఇనుములో ఆడుతున్న చప్పుడు.

ఆమె శ్రీశైలం వైపు తిరిగింది. అతను అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు.

"కళా," అన్నాడు. "కింది బోల్టు."

ఆమె పరుగెత్తింది.

బాటెమ్మట పోతే అందదు. గుట్ట నడుమ మెడలాంటి చోటు ఉంది, అక్కడ ఎక్కి దిగితే బండి వచ్చే వాలు మధ్యకు చేరొచ్చు. తంగేడు పొదల్లోంచి, బొడిపె రాళ్ల మీంచి ఎక్కింది. ఒక చెప్పు జారిపోయింది, రెండోది తానే విదిలించేసింది. బండి వేగంగా వాలు దిగుతున్నప్పుడు ఆ బోల్టు ఊడితే షాకప్ విడిపోతుంది. ఎడమ చక్రం లోపలికి మడుచుకుంటుంది. బండి పిల్లను కింద వేసుకుని దొర్లుతుంది. ఆమె కళ్లకు అది జరిగిపోయినట్టే కనిపిస్తోంది. గుట్ట మెడ మీదికి చేరేసరికి బండి పై మలుపు తిరుగుతోంది.

చున్నీ తీసి ఊపింది. "ఆపు! శ్రుతీ, ఆపు!"

హెల్మెట్‌లోంచి శ్రుతికి ఏం వినబడుతుంది? అక్క మెచ్చుకుంటోందనుకుని ఒక చెయ్యి పైకెత్తి ఊపింది.

కళావతి వాలు దిగి బాట నడిమధ్యలో నిలబడింది. రెండు చేతులూ చాచింది. బండి తన మీదికే వస్తోంది. కాళ్లు పక్కకు పొమ్మంటున్నాయి. పోలేదు.

శ్రుతి బ్రేకు వేసింది. బండి ముందుకు వంగి బరువంతా ముందు చక్రాల మీద పడింది. టక్కుమనలేదు ఈసారి, ఖణేలుమంది. ఎడమ మూల కుంగిపోయింది. బండి గిర్రున ఎడమకు తిరిగి, బాట దిగి, దున్నిన చెలకలోకి దూసుకుపోయి, ఒరిగి ఆగింది. శ్రుతి హ్యాండిలు మీంచి ఎగిరి మెత్తటి మట్టిలో పడింది. ఆమె చేతికీ ఇంజను మీటకూ కట్టిన తాడు ఊడడంతో ఇంజను ఆగిపోయింది. దాంతో ఎక్కడా ఏ చప్పుడూ లేకుండా పోయింది.

కళావతి చేరేసరికి శ్రుతి లేవబోతోంది.

"లేవకు! పండుకో. వేళ్లు కదుపు. కాళ్లు కదుపు... ఆ, రెండోది."

రెండూ కదిలాయి. పెదవి చిట్లి నెత్తురు కారుతోంది. ఎడమ మణికట్టు అప్పుడే వాస్తోంది. వెంకటన్న గట్టు మీంచి అరుస్తూ పరుగెత్తుకొచ్చాడు. బిడ్డ పక్కన కూలబడి ఆమె తల ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత కళావతి మీదికి తిరిగాడు.

"నిన్ను నమ్మి బండి ఇచ్చిందమ్మ నా బిడ్డ! ఏం జేసిండ్రు మీరు దానికి?"

కళావతి లేచి బాట మీద వెతికింది. బోల్టు దొరికింది. నట్టు దొరకలేదు. బోల్టు మరలు చెక్కుచెదరలేదు. తెగినదైతే అది ఇనుము తప్పని చెప్పుకోవచ్చు. ఇది తెగలేదు, ఊడింది. దాన్ని తెచ్చి వెంకటన్న ముందు పెట్టింది.

"నట్టు వదులై ఊడింది పెద్దయ్యా. మా షాపుల బిగించిందే. తప్పు మాది."

"ఎవరు బిగించిండ్రు?"

శ్రీశైలం అప్పటికి అక్కడికి చేరాడు. పక్కనే నిలబడ్డాడు, నోరు తెరవలేదు.

"షాపు నాది. బండి పోనిచ్చింది నేను," అంది కళావతి.

నాగర్‌కర్నూలు దవాఖానలో ఎక్స్‌రే తీశారు. ఎముక విరగలేదు, నరం బెణికిందని చెప్పి కట్టు కట్టారు. ఆ మాట విన్నాకే కళావతి తన అరికాళ్లలో ముళ్లు చూసుకుంది. వనపర్తి బస్సులో శ్రీశైలం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంట్లో అన్నం ముట్టలేదు. "నేను మల్ల ఒకసారి చూడాల్సింది," అందామె. అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి ఆమె లేచేసరికి అతను లేడు. మంచం మీద ఫోను ఉంది. షాపుకు పోయి చూసింది, తాళం వేసే ఉంది. టీ కొట్టులో అడిగింది, చూడలేదన్నారు. ఆ గోడ వైపు తిరిగి పడుకున్న పాత రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. దూరాన ఉన్న రైల్వే గేటు దాకా ఒకరిని బండి మీద పంపింది. తాను ఊరి బయటి చెరువు కట్ట మీద ఆ కొస దాకా నడిచి, నీళ్ల వైపు చూడలేక చూస్తూ తిరిగొచ్చింది. బస్టాండులో పండ్లమ్మే జమ్ములమ్మ చెప్పింది: "మీ ఆయనా? పొద్దుగాలనే కొల్లాపూర్ బస్సెక్కిండు గద."

కోడేరు ఆ బస్సు దారిలోనే ఉంది. శ్రుతికి ఫోను చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేసింది, మళ్లీ ఎత్తలేదు. కళావతి షాపు తెరిచి, ఏ పనీ ముట్టుకోకుండా రోడ్డు చూస్తూ కూర్చుంది. వెంకటన్న మొహం కళ్లముందు మెదిలింది. అతను కోపంలో చెయ్యి చేసుకుంటే ఈయన చెయ్యి అడ్డం కూడా పెట్టుకోడు, అనుకుంది.

పొద్దు వాలుతుండగా ఒక ట్రాక్టరు వచ్చి ఆగింది. ట్రాలీలో వంకర చక్రంతో క్వాడ్, దాని పక్కన శ్రీశైలం. తోలుతున్నది వెంకటన్న. ఇంజను కవరు మీద చేతికి కట్టుతో శ్రుతి కూర్చుని ఉంది. శ్రీశైలం దిగి, కళావతి వైపు చూడకుండా ట్రాలీ తలుపు కొండీ తీయడంలో పడ్డాడు.

శ్రుతి దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "అన్న వచ్చి మా నాయన ముంగట నిలబడ్డడక్కా. 'గా నట్టు నేనే బిగించిన. చెయ్యి నొప్పి పెట్టంగనే నట్టు బిగుసుకుందనుకున్న' అన్నడు. మా నాయన లేసి పోయి ట్రాక్టరుకు ట్రాలీ కట్టిండు."

"ఫోనెందుకు ఎత్తలే?"

"ఇంట్ల పెట్టి మరిచిన. బండి ఎక్కించే పనిల ఉంటిమి."

వాళ్లు బండి దింపి వెళ్లిపోయాక కళావతి షట్టరు సగం దించింది. ఆమెకు ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

"చెప్పి పోతే ఏమైతుండె? నేను చెరువు దాకా పోయి చూసొచ్చిన, తెలుసా నీకు?"

ఆ మాటకు అతను ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత అన్నాడు: "చెప్తే వద్దంటుంటివి."

"అవు, అంటుంటి."

"మొన్న గూడ గంతే. పానా మీద చెయ్యేసి తీసినవు. చూసిన నేను. అందరి పనీ రెండుసార్లు చూస్తవు. నీ సొంత పని గూడ చూసుకుంటవు. నాది చూడలే. ఎందుకు చూడలే?"

ఆమె క్వాడ్ వంకర చక్రం వైపు తిరిగింది.

"నేను బాధపడతనని. గదే గద? గా పిల్ల చచ్చిపోతుండె, కళా."

"నువ్వు చూసిన చూపు అట్ల ఉండె," అందామె. "నట్టు ముడితే నిన్ను కొట్టినట్టయితదనిపించింది."

అతను స్టూలు మీద కూర్చుని కుడి చేతిని ఒళ్లో పెట్టుకున్నాడు. "నాకు పానా ఇయ్యకుంటే ఇయ్యకు. ఇచ్చినవంటే చూడు. ఎవరున్నా సరే, నా ముంగటనే చూడు. వదులుంటే వదులున్నదని చెప్పు."

"నీకు కోపమొస్తది."

"వస్తది. రానియ్యి."

మర్నాటి నుంచి బండి పని మొదలైంది. వంకరపోయిన, చక్రాన్ని మోసే కింది చెయ్యి మార్చారు. పాత నట్లన్నీ పారేసి, వాటంతట అవి విప్పుకోని కొత్త నట్లు వేశారు. శ్రీశైలం కొన్ని బిగించాడు. అతను పానా తీయగానే కళావతి వేసి చూసేది. మొదటి నట్టు ముప్పావు చుట్టు తిరిగింది. "వదులున్నది," అంది. అతను మొహం తిప్పుకున్నాడు. రెండోదానికి పానా పట్టుకునే తీరు మార్చాడు. కూర్చుని చేత్తో లాగకుండా, నిలబడి మోచేతితో ఒత్తిడి వేసి ఒళ్లు వంచాడు. అది కొంచెమే తిరిగింది. ఒకసారి విసుగొచ్చి పానా విసిరేసి బయటికి పోయాడు. టీ తాగి వచ్చి, వెతుక్కుని మళ్లీ తీసుకున్నాడు. చూసిన ప్రతి నట్టు మీదా కళావతి ఎర్ర పెయింటుతో గీత పెట్టింది. నట్టు జరిగితే గీత విరుగుతుంది, దూరం నుంచే తెలుస్తుంది.

పందెం నాటికి శ్రుతి చేతి వాపు దిగింది కానీ నొప్పి పూర్తిగా పోలేదు. వద్దని చెప్పినవాళ్లలో కళావతి కూడా ఉంది. శ్రుతి వినలేదు. ఎడమ చేతికి తక్కువ దెబ్బ తగిలేలా ముందర షాకప్‌లను ఇంకొంచెం మెత్తగా పెట్టమంది. మెత్తగా పెడితే పెద్ద గుంతలో బండి అడుగు నేలకు తగులుతుందని శ్రీశైలం అన్నాడు. పెట్టకపోతే పిల్ల చెయ్యి నిలవదని కళావతి అంది. బయల్దేరే జెండా ఊపే ముందు వరకూ ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. చివరికి కళావతి చెప్పినట్టే పెట్టారు. శ్రుతి నడిమి చుట్టులో ఒకసారి వచ్చి ఆగింది. వాగు దగ్గర అడుగు తగులుతోందని చెప్పింది. కళావతి వంగి రెండు మెట్లు బిగించింది. ఎర్ర గీతలు అన్నీ ఒకసారి చూసి, శ్రుతి వీపు మీద తట్టి పంపింది. ముందే చెప్పానని శ్రీశైలం ఎత్తిపొడవలేదు.

శ్రుతి గెలవలేదు. హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి వచ్చిన బండ్లు ముందున్నాయి. కానీ సగం బండ్లు రాళ్లలో చక్రాలు వంచుకుని ఆగిపోయిన ఆ బీడులో, శ్రుతి తన బండి మీదే ముగింపు గీత దాటింది. దిగాక ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని, ముందు ఏడ్చి తర్వాత నవ్వింది.

జనం విడిపోతుండగా వెంకటన్న తువ్వాలు దులుపుకుంటూ వచ్చాడు. క్వాడ్ చుట్టూ ఒకసారి తిరిగి, బండిని కాకుండా దూరంగా ఉన్న తన ట్రాక్టరును చూస్తూ మాట్లాడాడు.

"ముందర ఇరుసు గుంజుతున్నది. రేపు పొద్దుగాల తోలుకొస్త."

"ఎవరు జూడాలె?" అన్నాడు శ్రీశైలం.

"నువ్వు చెయ్యి. ఆమె జూస్తది గద."

కళావతి పానాలు పెట్టెలో సర్దుతూ తలెత్తింది. "రేపు అమాస పెద్దయ్యా. షాపు బందు. ఎల్లుండి తీస్కరా."